వెనక హబ్ మోటార్ నట్టు వదులవడం ఇలా ఆగింది (నా అనుభవం)

విజయనగరంలో నా స్టీలు సైకిల్ వెనక చక్రానికి 36 వోల్టుల, 250 వాట్ల గేర్డ్ హబ్ మోటార్ (చక్రం నడిమధ్యలోనే ఉండే కరెంటు మోటార్) పెట్టాను. రామతీర్థం వెళ్లొస్తే చాలు, యాక్సిల్ (ఇరుసు) నట్టు వదులై చక్రం ఓ పక్కకి ఒరిగేది. స్ప్రింగ్ వాషరు, నట్టు మీద నట్టు, థ్రెడ్ గమ్ము, ఏదీ నిలవలేదు.

పనిచేసింది టార్క్ ఆర్మ్, అంటే యాక్సిల్ తిరక్కుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే లోహపు పట్టీ. ముందు యాక్సిల్ చదును అంచులు ఫ్రేమ్ గాడిలో అడుగుదాకా దిగేలా చక్రం కూర్చోబెట్టాను. తర్వాత కొక్కెం వాషరు. కొక్కెం గాడిలోకే దిగాలి, షాపుల్లో దీన్నెవరూ పట్టించుకోరు. ఆపైన ఆర్మ్ ఎక్కించాను. మోటార్ చక్రాన్ని ముందుకు తోస్తే యాక్సిల్ వెనక్కి తిరగబోతుంది కదా, ఆర్మ్‌ని కూడా అటే చేత్తో నెట్టి, సందు పోయాక రెండో కొసని ఫ్రేమ్ గొట్టానికి క్లాంపుతో బిగించాను. నట్టు ఆఖర్న.

వానలు దాటాయి, నట్టు కదల్లేదు. అల్యూమినియం ఫ్రేమైనా, పెద్ద మోటారైనా ఇదొక్కటే సరిపోతుందని చెప్పలేను. బ్రేక్ వేసినప్పుడు బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కే రకమైతే యాక్సిల్ ముందుకీ వెనక్కీ కూడా తిరగబోతుంది. అలాంటి మోటారున్నవాళ్లు చక్రానికి రెండు పక్కలా ఆర్మ్ పెట్టుకోవడమే మంచిది.