పిండి రుబ్బని పూట కారం దోశ

మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం. రాత్రి పదింటికి ఫోన్ చేసి "అమ్మా, సింహపురి రైలు ఎక్కేశా" అంటాడు. పొద్దున్నే కావలిలో దిగేసరికి వాడికి కారం దోశ కావాలి. మినప్పప్పు నానేదెప్పుడు, పిండి పులిసేదెప్పుడు? అందుకే ఈ పద్ధతికి అలవాటు పడ్డాను.

మొదట్లో రవ్వ దోశ పోసి దాని మీదే కారం రాసేదాన్ని. రవ్వ దోశ నిండా చిల్లులే కదా, కారం కిందికి దిగి పెనం మీద మాడి, ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్లం. కారం దోశకి మెత్తగా, గరిటెతో తిప్పడానికి వీలుగా ఉండే పిండి కావాలి. అది అటుకులతో వస్తుంది.

గ్లాసు బొంబాయి రవ్వ, అర గ్లాసు మందం అటుకులు, అర గ్లాసు పుల్లపెరుగు. అటుకులు రెండుసార్లు కడిగి, రవ్వ, పెరుగు, గ్లాసు నీళ్లు పోసి ఇరవై నిమిషాలు వదిలేయాలి. అటుకులు ముందే ఉడికిన బియ్యం కాబట్టి ఇట్టే నానతాయి, దోశకి మెత్తదనం ఇస్తాయి. పులుపు పెరుగు చూసుకుంటుంది. తర్వాత ఉప్పు, చెంచా శనగపిండి వేసి మిక్సీలో మెత్తగా తిప్పండి. శనగపిండి మానొద్దు, పులియని పిండికి ఎర్రటి రంగు దానివల్లే. వంటసోడా మాత్రం నేను వేయను. కాస్త ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

పిండి నానేలోపే కారం. పది ఎండుమిరపకాయలు తొడిమలు తీసి వేడినీళ్లలో నానబెట్టి, ఒక పెద్ద ఉల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, చిన్న చింతపండు రెబ్బ, ఉప్పు వేసి నీళ్లు పెద్దగా పోయకుండా నూరాలి. పలచనైతే దోశ మెత్తబడిపోతుంది. పుట్నాల పప్పు, ఉప్పు కలిపి పొడి కొట్టి పక్కన పెట్టుకోండి. మా నెల్లూరు జిల్లాలో ఈ పొడి చల్లకపోతే అది కారం దోశే కాదంటారు.

ఇక పెనం. నాది ఇనప పెనం. బాగా కాలాక నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరి ఆరిపోవాలి. సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది, మంట తగ్గించి, అప్పుడు పిండి పోయాలి. మరీ కాగిన పెనం మీద పోస్తే పిండి గరిటెకే చుట్టుకుని ముద్దలుగా లేచి వస్తుంది. ప్రతి దోశకీ ముందు నీళ్లు చిలకరించడం మరవొద్దు. నడుమ నుంచి అంచుకి గరిటె నొక్కకుండా తిప్పండి. రవ్వ ఉబ్బుతూనే ఉంటుంది, రెండో దోశకే పిండి చిక్కబడితే రెండు చెంచాల నీళ్లు కలపండి.

పైన తడి ఆరి, అంచు లేస్తున్నప్పుడు మంట బాగా తగ్గించి, చెంచా నెయ్యి వేసి, ముప్పావు చెంచా కారం చెంచా వెనకవైపుతో నడుమ నుంచి రాయాలి. అంచుకి రెండు వేళ్ల దూరంలో ఆపేయండి. ఉల్లి పచ్చివాసన పోయేదాకా నిమిషం ఆగి, పొడి చల్లి, ఇంకో నాలుగు చుక్కల నెయ్యి వేసి మడతపెట్టి తీయాలి. తిరగేస్తే కారం పెనానికి అంటుకుంటుంది. పక్కన పల్లీ చట్నీ చాలు.

ఈ కొలతకి ఏడెనిమిది దోశలు వస్తాయి. పిండి మిగిలితే మర్నాటికి ఉంచొద్దు, పులుపెక్కి నీళ్లు తేలుతుంది. అదే సాయంత్రం ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి కలిపి గుంట పొంగణాలు వేసేయండి.