యువజన హింస నివారణ సమావేశం తరువాత అభిప్రాయాలు సేకరించడం ఎలా: ఒడిశా సరిహద్దు జిల్లాల కార్యకర్తల కోసం

పర్లాకిమిడిలో గానీ, కాశీనగర్‌లో గానీ, గుణుపురంలో గానీ యువకులతో హింస నివారణ సమావేశం పెట్టినప్పుడు చివరి పది నిమిషాలు దాదాపు ఒకేలా గడుస్తాయి. టీతో, మిక్చర్ పొట్లంతో పాటు ఒక కాగితం పంచుతారు. సర్పంచ్, హెడ్‌మాస్టరు, ఠాణా అధికారి ముందు వరుసలో ఇంకా కూర్చునే ఉంటారు. పాతపట్నం వైపు బస్సు వెళ్లిపోతుందేమోనన్న తొందర కొందరిది. తిరిగి వచ్చిన కాగితాలన్నింటి మీదా "చాలా బాగుంది", "ఇలాంటివి మళ్లీ పెట్టాలి" అనే రెండు మాటలే ఉంటాయి. నివేదికలో జతపరచడానికి అవి సరిపోతాయి గానీ, వచ్చే నిమజ్జనం నాడు రెండు వీధుల కుర్రాళ్ల మధ్య కర్రలు లేవకుండా ఉండాలంటే సమావేశంలో ఏమి మార్చాలో వాటిని బట్టి తెలియదు. దెబ్బ తిన్నవాడూ, కొట్టినవాడూ, పక్కన నిలబడి చూసినవాడూ ముగ్గురూ ఆ గదిలోనే ఉంటారు కనుక, ముగ్గురూ భయపడకుండా నిజం చెప్పగలిగే ఏర్పాటు ముందుగా చేసుకోవాలి. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రశ్నలు రాయడానికి ముందు

వచ్చే జవాబులను బట్టి మనం ఏ నిర్ణయాలను మార్చుకోగలమో మొదట ఒక కాగితం మీద రాసుకోవాలి. సమావేశం ఏ వేళకు పెట్టాలి, బడిలోనా క్లబ్బులోనా, ఎవరు మాట్లాడాలి, ఏ భాషలో మాట్లాడాలి, ఆడపిల్లలతో విడిగా కూర్చోవాలా, పోలీసు అధికారిని పిలవాలా వద్దా అన్నవి మన చేతిలో ఉన్న నిర్ణయాలు. వీటిలో దేనికీ ఉపయోగపడని ప్రశ్నను, అది ఎంత చక్కగా ఉన్నా, తీసివేయాలి. ఏడు ప్రశ్నలకు మించితే చివరి ప్రశ్నలకు ఎవరూ మనసు పెట్టి జవాబు చెప్పరు.

శిక్షణ కార్యక్రమాలను అంచనా వేయడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్లు సూచించాడు: పాల్గొన్నవారికి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, ప్రవర్తన మారిందా, చివరికి ఫలితం కనబడిందా. సమావేశం ముగిసిన గంటలోపల మొదటి రెండే తెలుస్తాయి. మూడవది తెలియడానికి కొన్ని వారాలు ఆగాలి. నాలుగవదాన్ని ఒక్క సమావేశానికి ముడిపెట్టకపోవడమే నిజాయితీ, ఎందుకంటే ఊరిలో కొట్లాటలు తగ్గడానికైనా పెరగడానికైనా ఎన్నికలు, సారా, చేతిలో పని లేకపోవడం, పాత కక్షలు ఇలా ఎన్నో కారణాలు కలుస్తాయి.

వయసు కూడా చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యువజన హింస అన్నప్పుడు 10 నుంచి 29 ఏళ్ల వారి మధ్య జరిగే హింసను ఉద్దేశిస్తుంది. బడిలో బెదిరింపులకు జడిసే పన్నెండేళ్ల బాలుడికీ, బైకు మీద తిరిగే ఇరవై ఏడేళ్ల యువకుడికీ ఒకే ప్రశ్నావళి ఇవ్వడం తగదు.

ఏ భాషలో, ఏ లిపిలో

సరిహద్దు జిల్లాల్లో అన్నిటికన్నా ముందు ఎదురయ్యే ఇబ్బంది ఇదే. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామంది ఒడియా మాధ్యమంలో చదువుతారు. తెలుగులో గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదువుతారు లేదా అసలు చదవలేరు. ఫోనులో తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. ఇలాంటి కుర్రాడి చేతికి తెలుగులో అచ్చువేసిన పత్రం ఇస్తే, చదవలేనని పదిమందిలో ఒప్పుకోవడం నామోషీ కనుక పక్కవాడు పెట్టిన చోటే టిక్కు పెట్టి ఇచ్చేస్తాడు. నిర్వాహకులు దానిని ఏకాభిప్రాయంగా లెక్కవేసుకుంటారు.

కాబట్టి ప్రశ్నలను పైకి చదివి వినిపించడమే ఉత్తమమని నా నమ్మకం. కాగితం తప్పనిసరి అయితే, తెలుగు వాక్యాన్నే ఒడియా అక్షరాలలో రాసి, దాని కింద తెలుగు అక్షరాలలో కూడా ఇవ్వవచ్చు; చూడడానికి వింతగా ఉన్నా చదవడానికి సులువుగా ఉంటుంది. గుమ్మా, నువాగడ బ్లాకుల నుంచి సవర యువకులు వచ్చినప్పుడు వారి భాషలో అడిగే మనిషిని తప్పక వెంట పెట్టుకోవాలి. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించడానికి పూనుకున్నది పర్లాకిమిడిలోనే. ఆ ఊరిలో సమావేశం పెట్టి సవర యువకుడిని అతనికి పరాయి భాషలో అభిప్రాయం అడగడం మనకు గౌరవం కాదు.

ప్రశ్నలు సిద్ధమయ్యాక, సమావేశానికి రాబోయే వయసు పిల్లలను ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి ఒక్కొక్క ప్రశ్న చదివి, "దీంట్లో నిన్ను ఏమడుగుతున్నారో నీ మాటల్లో చెప్పు" అని అడగాలి. వాళ్లు చెప్పినది మనం అనుకున్నది కాకపోతే ప్రశ్నను మార్చాలి. హింస అనగానే కత్తిపోట్లు, హత్యలే అనుకునే పిల్లలు చాలామంది ఉంటారు. అందుకే చెంపమీద కొట్టడం, అమ్మను తిట్టడం, దారి కాచి బెదిరించడం, ఒకరి ఫోటోను వాట్సాప్‌లో తిప్పి అవమానించడం వంటి పనులను పేరు పెట్టి అడగడం మేలు.

ప్రశ్నలో జవాబు దాగి ఉండకూడదు. "ఈ సమావేశం మీకెంతో ఉపయోగపడింది కదా?" అని అడిగితే కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. "వక్తలు స్పష్టంగా, ఆసక్తిగా మాట్లాడారా?" అన్నదానిలో రెండు ప్రశ్నలున్నాయి; ఒకటి అవును, మరొకటి కాదు అయినవాడు ఏం చెప్పాలి? "ఈరోజు నీకు మాట్లాడే అవకాశం దొరికిందా?", "చెప్పాలనుకుని చెప్పకుండా ఆపుకున్న మాట ఏదైనా ఉందా?", "ముందు వరుసలో ఉన్నవారిని చూసి నోరు మెదపలేదా?" వంటి ప్రశ్నలు వినడానికి చిన్నవే అయినా, సమావేశాన్ని ఎలా మార్చాలో చెప్పేవి అవే.

ఆలోచనలో మార్పు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి, ఒకే ప్రశ్నను సమావేశం చివరనే రెండు విధాలుగా అడగవచ్చు: "నీ స్నేహితులు ఒకడిని చుట్టుముట్టి కొడుతుంటే, ఈరోజు ఉదయం దాకా అయితే నువ్వేం చేసేవాడివి? ఇప్పుడైతే ఏం చేస్తావు?" ఉదయమే అడిగితే, విషయం ఇంకా తెలియనందువల్ల చాలామంది తమను తాము ఎక్కువగా అంచనా వేసుకుంటారు, సాయంత్రానికి తెలివిడి కలిగి తక్కువ చెబుతారు, అప్పుడు సమావేశం వల్ల వెనక్కి వెళ్లినట్లు లెక్కలు కనిపిస్తాయి. రెండూ చివరనే అడిగితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. అయినా నిర్వాహకులను సంతోషపెట్టాలనే కోరిక ఉండనే ఉంటుంది కనుక, ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడకూడదు.

డబ్బాల పద్ధతి

పేరు బయటపడకుండా నిజం తెలుసుకోవడానికి నాకు తెలిసినంతలో మన ఊళ్లకు బాగా సరిపోయేది ఇదే. కర్ణాటకలో హెచ్ఐవీ నివారణ కార్యక్రమాల్లో పోలింగ్ బూత్ సర్వే అనే పేరుతో దీన్ని వాడారు. దీనికి ఖర్చు దాదాపు ఏమీ లేదు. మూడు అట్టపెట్టెలు, చెప్పుల దుకాణంలో అడిగితే ఇచ్చేవి, తెచ్చుకుని మూతకు బ్లేడుతో సన్నని చీలిక పెట్టాలి. ఒకదాని మీద టిక్కు, రెండవదాని మీద ఇంటూ, మూడవదాని మీద సున్నా గీయాలి. పెట్టెలకు రంగులు వేయకపోవడం మంచిది. కొన్ని ఊళ్లలో రంగుకు పార్టీయో మతమో అంటుకుని ఉంటుంది.

పాల్గొన్న ప్రతి ఒక్కరికీ 1 నుంచి 7 దాకా అంకెలు వేసిన ఏడు చీటీల కట్ట ఇవ్వాలి. చీటీలన్నీ ఒకే కాగితంతో, ఒకే కొలతలో ఉండాలి. పేరు గానీ గుర్తు గానీ ఉండకూడదు. గది మూలలో రెండు కుర్చీల మధ్య చీరో దుప్పటో కట్టి దాని వెనుక పెట్టెలు పెట్టాలి. మొదట "ఈరోజు పొద్దున టీ తాగారా?" వంటి ప్రశ్నతో ఒకసారి అభ్యాసం చేయించాలి. తరువాత మొదటి ప్రశ్న పైకి రెండుసార్లు చదవాలి. ఒక్కొక్కరూ తెర వెనక్కి వెళ్లి, అవును అయితే 1వ చీటీని టిక్కు పెట్టెలో, కాదు అయితే ఇంటూ పెట్టెలో, తనకు వర్తించదనుకున్నా చెప్పడం ఇష్టం లేకపోయినా సున్నా పెట్టెలో వేసి రావాలి. ఎంతమంది ఉన్నారో ప్రతి ప్రశ్నకూ అన్ని చీటీలే ఉండాలి కాబట్టి లెక్క తప్పితే వెంటనే తెలుస్తుంది. మనిషి ఏడుసార్లు తిరగాలి కనుక ఒక గుంపులో పది పన్నెండు మందికి మించకుండా చూసుకోవాలి; అంతమందితో అరగంటలో పని పూర్తవుతుంది. ఒక మనిషి ఇచ్చిన రెండు జవాబులను కలిపి చూడడం ఈ పద్ధతిలో సాధ్యం కాదు. మన అవసరానికి అది లోపం కాదు, రక్షణ.

ఆడపిల్లలకు వేరే గదిలో, స్త్రీ నిర్వాహకురాలితో జరిపించాలి. వారు నలుగురే వచ్చి ఉంటే వారి లెక్కను విడిగా ప్రకటించకూడదు. నలుగురిలో ఎవరు ఏమన్నారో ఊరు ఇట్టే కనిపెడుతుంది. ఈ పని జరుగుతున్నంతసేపూ వక్తలు, పెద్దలు, పోలీసువారు బయట టీ తాగుతూ ఉండడం మేలని ముందుగానే మర్యాదగా చెప్పి ఒప్పించుకోవాలి. "అయ్యా, మీరుంటే పిల్లలు మీ ఎదుట మాట్లాడడానికి మొహమాటపడతారు" అంటే నొచ్చుకునేవారు తక్కువ.

గూగుల్ ఫారం గురించి తరచుగా అడుగుతారు. పెద్ద కాలేజీ విద్యార్థులకు అది సరిపోవచ్చు. అప్పుడు కూడా ఈమెయిల్ సేకరించే సెట్టింగును ఆపివేయాలి. మిగతా చోట్ల ఫోను అన్నదో నాన్నదో అయి ఉంటుంది కాబట్టి, తెరిచి ఉంచిన జవాబు ఎవరి కంట పడుతుందో చెప్పలేము.

చీటీలో ప్రమాదం కనిపిస్తే

చివరన "చెప్పాలనుకున్నది ఏదైనా" అని ఒక ఖాళీ చీటీ ఇచ్చినప్పుడు, రాయలేనివారు తాము చెప్పినది రాసిపెట్టమని అడిగేందుకు ఒక అక్కనో అన్ననో వేరే మూలన కూర్చోబెట్టాలి. ఆ చీటీలన్నింటినీ అదే రోజు రాత్రి చదవాలి. ఫలానా రోజున ఫలానావాడి సంగతి చూస్తామని ఒకడు రాసిన చీటీ నెల తరువాత తెరిస్తే దానివల్ల ఎవరికి ప్రయోజనం?

పూర్తి గోప్యత ఉంటుందని మాట ఇవ్వకూడదు. 18 ఏళ్ల లోపు వారిపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. తెలియజేయకపోవడం 21వ సెక్షన్ కింద శిక్షార్హం. కాబట్టి కార్యక్రమం మొదట్లోనే ఇలా చెప్పాలి: "మీ పేరు మేము అడగం, మీరు చెప్పినది ఎవరు చెప్పారో ఊరిలో చెప్పం. కానీ ఒక పిల్లవాడి ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉందని తెలిస్తే, కాపాడగలిగిన వారికి చెబుతాం." పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112, మనసు బాధలో ఉన్నవారు మాట్లాడుకోవడానికి టెలీ మానస్ 14416 నంబర్లను గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంచాలి. చిన్నపిల్లలున్న సమావేశమైతే తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి. హాజరు పుస్తకాన్నీ చీటీలనూ ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టకూడదు. చీటీలను చూడాలని ఎంత పెద్దవారు అడిగినా ఇవ్వకూడదు. కావాలంటే మొత్తం లెక్కలు ఇవ్వవచ్చు.

గుంపుగా కూర్చుని మాట్లాడించేటప్పుడు, ఎవరూ తమకు జరిగినది చెప్పనక్కరలేదని, "మన ఊరి కుర్రాళ్లు" అని మూడో మనిషి గురించి మాట్లాడినట్లే మాట్లాడవచ్చని చెబితే చర్చ సాఫీగా సాగుతుంది. రాసేవాళ్లు వారి మాటలను దిద్దకుండా, ఒడియా కలిసినా సరే, వారు అన్నట్లే రాయాలి.

నెలన్నర తరువాత

ప్రవర్తన గురించి అడగవలసింది అప్పుడే. సమావేశంలో నేర్చుకున్నది ఎక్కడైనా వాడావా, వాడబోయి ఆగిపోయావా, ఎందుకు ఆగావు అనే మూడు ప్రశ్నలు చాలు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లే యువకులు ఎక్కువ కనుక, ఊరికి వెళ్లి వెతికితే చాలామంది దొరకరు. వెళ్లేముందే ఫోన్ నంబరు, మాట్లాడడానికి వీలైన వేళ వారి అనుమతితో తీసుకుని ఆదివారం ఫోన్ చేయడం మంచిది. సమావేశానికి రానివారినీ, మధ్యలో లేచి వెళ్లిపోయినవారినీ వదలకూడదు. అసలు కొట్లాటల్లో ఉండేవారు వారే కావచ్చు. వారిని నిర్వాహకులు కాక, వారి వయసు కుర్రాడే టీ కొట్టు దగ్గర అడిగితే జవాబు వస్తుంది.

లెక్కలు చెప్పేటప్పుడు శాతాలు వాడవద్దు. పదకొండు మందిలో నలుగురు అంటే అందరికీ అర్థమవుతుంది. 36 శాతం అంటే లేని గాంభీర్యం వచ్చి చేరుతుంది. ఒక్కరే చెప్పిన మాటైనా ప్రాణానికి సంబంధించినదైతే పక్కన పెట్టకూడదు. మొత్తం ఫలితాన్ని ఒక పేజీకి కుదించి, రెండు వారాల లోపల పాల్గొన్నవారికి వారి భాషలో చదివి వినిపించాలి. ఏది మార్చబోతున్నామో, ఏది మార్చలేమో, మార్చలేకపోవడానికి కారణమేమిటో ముగ్గురు నలుగురు అడిగినంతసేపూ ఓపికగా చెప్పాలి. సాయంత్రం వేళ పెట్టమని అడిగినా కరెంటు ఉండని హాలు కాబట్టి వీలుకాదంటే వారు అర్థం చేసుకుంటారు. ఏమీ చెప్పకపోతే మాత్రం వచ్చేసారి చీటీలన్నీ సున్నా పెట్టెలోకే వెళ్తాయి. తరువాతి సమావేశంలో ముఖ్య అతిథి ప్రసంగానికి ముందే మొదటి ఐదు నిమిషాలు ఆ గుంపులోని ఒక అమ్మాయికో అబ్బాయికో ఇచ్చి, కిందటిసారి మేము చెప్పిన వాటిలో ఇవి జరిగాయి, ఇవి ఇంకా జరగలేదు అని వారి నోటితోనే చెప్పించాలి.