హెచ్‌ఆర్ రౌండ్‌లో వర్క్ ఎథిక్ ప్రశ్నలు: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

టెక్నికల్ రౌండ్ గట్టెక్కి హెచ్‌ఆర్ రౌండ్‌లో పోయినవాళ్లు నాతో అనే మాట ఒకటే, "అన్నా, అన్నిటికీ జవాబు చెప్పాను, అయినా మెయిల్ రాలేదు" అని. ఏం అడిగారో, ఏం చెప్పారో మళ్లీ చెప్పించుకుని వింటే, చాలాసార్లు దెబ్బ తగిలేది పని పట్ల నిబద్ధత గురించి అడిగిన దగ్గరే. నేను కొన్నేళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటున్నాను, వీలున్న ఆదివారాల్లో హైదరాబాద్ ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. కాబట్టి అడిగేవాళ్లు దేనికోసం చూస్తారో తెలుసు, చెప్పేవాళ్లు ఎక్కడ తడబడతారో కూడా తెలుసు.

"మీ వర్క్ ఎథిక్ గురించి చెప్పండి" అని నేరుగా అడిగేవాళ్లు తక్కువ. డెడ్‌లైన్ దాటిపోయిన సందర్భం చెప్పమంటారు, టీమ్‌లో ఒకరు పని చేయకపోతే మీరేం చేశారంటారు, ఎవరూ చెప్పకుండా మీరే నెత్తిన వేసుకున్న పని ఏదైనా ఉందా అంటారు. వాళ్లు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: పక్కన ఎవరూ లేనప్పుడు ఈ మనిషి పని ఎలా చేస్తాడు?

సమస్య: "నేను హార్డ్ వర్కర్‌ని, సిన్సియర్‌గా చేస్తాను" అనగానే తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతున్నారు

కారణం చిన్నదే. ఆ మాట పొద్దున్నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ చెప్పారు. మీ గురించి మీరే ఇచ్చుకున్న సర్టిఫికెట్ అది, దాన్ని పట్టుకుని ఇంకేం అడగాలో కూడా వాళ్లకు తోచదు.

పరిష్కారం ఏంటంటే, ఆ మాట తీసేసి ఆ చోట మీరు చేసిన ఒక్క పని పెట్టండి. కర్నూలు నుంచి వచ్చిన ఒకమ్మాయి మాక్‌లో ఇలాగే హార్డ్ వర్క్, పంక్చువాలిటీ అని వరసగా చెప్పుకుపోయింది. ఆపి, ఇంట్లో ఏం పని చేసేదానివమ్మా అని అడిగాను. నాన్నది కిరాణా కొట్టు, డిగ్రీ చదువుతున్నప్పుడు రోజూ రాత్రి షట్టర్ దించాక గల్లాపెట్టెలో డబ్బు లెక్కపెట్టి పుస్తకంతో సరిచూసేదట. ఒకరోజు 340 రూపాయలు తక్కువొచ్చాయి. పోనీలే రేపు చూద్దాం అని నాన్న అన్నా, ఈమె పేజీ మొదటి నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వస్తే, పక్కింటివాళ్లు అప్పుగా తీసుకెళ్లిన నూనె ప్యాకెట్లను నగదు అమ్మకంలో రాశారని తేలింది. మర్నాటి నుంచి నగదుకీ అప్పుకీ వేరే వేరే గళ్లు గీసింది. ఇంత మంచి విషయం దగ్గర పెట్టుకుని ఎందుకమ్మా చెప్పలేదు అంటే, "అది ఇంటి పనే కదా అన్నా" అంది.

ఇంటి పని కూడా పనే. ట్యూషన్లు చెప్పడం, పొలంలో కూలీల లెక్క రాయడం, కాలేజీ ఫెస్ట్‌లో భోజనాల బాధ్యత, క్యాటరింగ్‌కి వెళ్లడం, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఫ్రెషర్ అంటే ఆఫీసు అనుభవం లేని మనిషనే, అసలు పనే చేయని మనిషని కాదు.

చెప్పే వరసకి స్టార్ పద్ధతి అని కోచింగ్ సెంటర్లలో చెబుతారు: పరిస్థితి ఏంటి, మీ మీద పడిన పని ఏంటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది. పద్ధతి మంచిదే, కానీ చాలామంది మొదటి దాని మీదే నిమిషంన్నర ఖర్చు పెట్టేసి, మీరేం చేశారు అన్నదాన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. దాన్ని తిరగేయండి. పరిస్థితి రెండు వాక్యాల్లో అయిపోవాలి, మీరు చేసింది వివరంగా రావాలి, మొత్తం కలిపి రెండు నిమిషాలు దాటకూడదు.

సమస్య: బాగానే మొదలుపెట్టి మధ్యలో బ్లాంక్ అయిపోతున్నారు

ఇంగ్లీషు పేరా మొత్తం బట్టీ పట్టారు, ఒక పదం జారింది, మిగతాదంతా దానితోపాటే పోయింది. టెన్షన్ వల్ల అనుకుంటారు గానీ బట్టీ వల్లే టెన్షన్ ఎక్కువవుతుంది. ముందు ఆ సంగతిని తెలుగులో ఫ్రెండ్‌కో అమ్మకో చెప్పండి, ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. తర్వాత నాలుగు పదాలు మాత్రం కాగితం మీద రాసుకుని ఇంగ్లీషులో చెప్పండి, ప్రతిసారీ వాక్యాలు కాస్త వేరేగా వస్తాయి, రానివ్వండి.

సమస్య: "అది సరే, అందులో మీరేం చేశారు?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు

మీరు అన్నిటికీ "మేము" అంటున్నారు. సొంత డబ్బా కొట్టుకోకూడదని చిన్నప్పటి నుంచి ఇంట్లో చెప్పి పెంచారు, అది మంచి అలవాటే, కానీ ఇక్కడ దానివల్ల మీ పని కనపడకుండా పోతోంది. "ప్రాజెక్ట్ నలుగురం చేశాం, అందులో డేటాబేస్ భాగం నాది, చివరి వారం టెస్టింగ్ కూడా నేనే చూశాను" అనండి. పక్కవాళ్ల వాటా లాక్కోకుండా మీ వాటా చెప్పడం డబ్బా కొట్టుకోవడం కాదు.

సమస్య: మీ వల్ల జరిగిన తప్పు చెప్పమంటే నోరు పెగలడం లేదు, లేదా "నేను పర్‌ఫెక్షనిస్ట్‌ని, అదే నా వీక్‌నెస్" అంటున్నారు

తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందని భయం. కానీ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు కూడా తప్పులు చేసే అక్కడిదాకా వచ్చారు. వాళ్లు చూసేది, తప్పు జరిగాక మీరు దాచారా, ముందే వెళ్లి చెప్పారా అని.

నా మొదటి ఉద్యోగంలో జరిగింది చెబుతాను. జీతాల షీట్‌ని ఎక్సెల్‌లో పేర్ల వరసలో పెట్టబోయి, పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను. పేర్లు కదిలాయి, అంకెలు కదల్లేదు, అంటే ఒకరి జీతం ఇంకొకరి పేరు పక్కకి వెళ్లింది. కింద మొత్తం మాత్రం సరిగ్గా ఉంది, అందుకే అనుమానం రాలేదు, మెయిల్ పంపేశాను. అరగంట తర్వాత టీ తాగుతుంటే ఎందుకో మనసు పీకి, వచ్చి తెరిచి చూస్తే నా పేరు పక్కన నా జీతం లేదు. కాళ్లు వణికాయి. నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లి, "సార్, నేను పంపిన షీట్ తప్పు, బ్యాంకుకి పంపకుండా ఆపండి, పది నిమిషాల్లో సరైనది ఇస్తాను" అన్నాను. తిట్టారు, కానీ ఆపారు. ఆ రోజు నుంచి ఏ షీట్ పంపినా మొత్తం ఒక్కటే చూసి వదిలేయను, మధ్యమధ్యలో ఐదు వరసలు తీసి పాత షీట్‌తో పోల్చుకుంటాను. తర్వాతి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఇదే చెప్పాను, ఇంకో రెండు ప్రశ్నలు దీని మీదే అడిగారు, ఉద్యోగం వచ్చింది.

మీరు ఎంచుకునే తప్పు కూడా ఇలాంటిదే కావాలి: నిజంగా జరిగింది, మీరే ముందు చెప్పింది, ఆ తర్వాత మీరు చేసే తీరు మారింది. నెపం టీమ్‌మేట్ మీదకో లెక్చరర్ మీదకో తోసే సంగతి అయితే అది వదిలేయండి.

సమస్య: "లేట్ అయినా ఉంటారా, శని ఆదివారాలు వస్తారా?" అంటే అన్నిటికీ ఎస్ అంటున్నారు, అయినా వాళ్ల ముఖంలో నమ్మకం లేదు

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నప్పటి నుంచి, "అన్నా, 70 గంటలైనా చేస్తానని చెప్పాలా" అని నన్ను చాలామంది అడిగారు. నా అభిప్రాయం, వద్దు. ఆలోచించకుండా ఒప్పుకునే మనిషి రేపు చేయలేని పని కూడా ఒప్పుకుని చివరి రోజు చేతులెత్తేస్తాడని అడిగేవాళ్లకు తెలుసు. "సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారం శనివారమైనా వస్తాను. మామూలు రోజుల్లో ఇచ్చిన పని టైమ్‌లోపు పూర్తి చేయడం నా బాధ్యత, కుదరదనిపిస్తే ముందు రోజే చెబుతాను" అనండి. వెంటనే, వీకెండ్ పని నెలకి ఎన్నిసార్లు ఉంటుందో, దానికి కాంప్ ఆఫ్, అంటే బదులుగా ఇంకో రోజు సెలవు, ఇస్తారో లేదో కూడా మర్యాదగా అడగండి. ఇంట్లో పెద్దవాళ్ల బాధ్యతలాంటిది ఉంటే ఇక్కడే చెప్పేయండి, చేరాక చెబితే ఇద్దరికీ ఇబ్బంది.

సమస్య: ఉద్యోగం లేకుండా ఉన్న గ్యాప్ కప్పిపుచ్చుకోవడానికి పెట్టిన దొంగ ఎక్స్‌పీరియన్స్ మీద ప్రశ్నలు వస్తే చెమటలు పడుతున్నాయి

ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంటుంది. కన్సల్టెన్సీ వాళ్లు రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామంటే, ఇంట్లో అప్పు చేసి ఇచ్చిన డబ్బు తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టినవాళ్లను చూశాను. వర్క్ ఎథిక్ ప్రశ్నలో ఆ లెటర్ నిలబడదు. "రాత్రి ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడుతున్న సిస్టమ్‌లో) ఇష్యూ వస్తే ముందు ఎవరికి ఫోన్ చేసేవాళ్లు?" అని అడిగితే, అక్కడ పని చేసిన మనిషికి ఆలోచించాల్సిన పనే లేదు, చేయని మనిషి దగ్గర జవాబే ఉండదు. ఇంటర్వ్యూ దాటినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది, చాలా కంపెనీలు యూఏఎన్‌తో (ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే ఒకే నంబర్) పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి, ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నారో అందులో ఉంటుంది. చేరిన నాలుగు నెలలకి తీసేసినవాళ్లు ఉన్నారు.

ఇప్పటికే రెజ్యూమేలో పెట్టేసి ఉంటే ఈరోజే తీసేయండి. గ్యాప్ అడిగితే ఒక్క వాక్యంలో నిజం చెప్పి ముందుకి వెళ్లండి: "నాన్నకి ఆపరేషన్ అయింది, ఏడాది ఇంటి దగ్గర ఉండాల్సి వచ్చింది, ఆ టైమ్‌లో కొట్టు చూసుకుంటూ ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను, ఇదిగో చేసిన ప్రాజెక్ట్." గొంతు తగ్గించకండి, క్షమాపణ అడుగుతున్నట్టు చెప్పకండి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటే చాలామంది "నో సర్" అని లేచిపోతారు. "మొదటి మూడు నెలల్లో నేను ఏం పూర్తి చేస్తే బాగా చేసినట్టు లెక్క?" అని అడగండి. కర్నూలు అమ్మాయి ఈమధ్యే ఒక కంపెనీ అకౌంట్స్ పోస్టు ఇంటర్వ్యూలో కొట్టు లెక్క సంగతి చెప్పి, చివర్లో ఈ ప్రశ్న కూడా అడిగింది. బయటికి వచ్చి ఫోన్ చేసి, "అన్నా, ఆ 340 రూపాయల గురించే పావుగంట మాట్లాడించారు" అంది. వచ్చే సోమవారం రెండో రౌండ్‌కి రమ్మన్నారు.