చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్‌తో తిప్పలు

మా బరంపురంలో కొట్టుకెళ్లి అడిగితే చేతిలో 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగకి అటూ ఇటూ 12 ఓల్టులిచ్చేది) పెడతారు. ఆంప్లిఫయర్‌కి 24-0-24, 4 ఆంపియర్లు కావాలంటే చుట్టించుకోవాల్సిందే. చుట్టేది మోటార్లు రీవైండింగ్ చేసే మేస్త్రీ. స్టెబిలైజర్లు ఆయనకి కొట్టినపిండి, ఆడియో సంగతి మాత్రం మనం చెబితేనే తెలుస్తుంది.

సమస్య: లోడు లేకుండానే వేడెక్కుతోంది, గుయ్యిమంటోంది.

ముందు సెకండరీ (ఓల్టులు బయటికొచ్చే వైపు) తీగలు దేనికీ తగలకుండా వదిలేసి, ప్రైమరీకి (కరెంటు ఇచ్చే వైపు) 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టండి. ఎల్ఈడీ పనికిరాదు, పాత ఫిలమెంటు బల్బే ఉండాలి. ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉంటే లోపల చుట్లు షార్టయ్యాయి. బల్బు ఆరినా, అది తీసేసి నేరుగా కరెంటు ఇస్తే కోర్ (లోపలి ఇనుము) కాలుతోందంటే చుట్లు తక్కువ పడ్డాయన్నమాట. నా మొదటిదాని గొడవ ఇదే. కోర్ మధ్యకాలు 15 చదరపు సెంటీమీటర్లు. వాడుక లెక్క ప్రకారం 45ని దాంతో భాగిస్తే ఓల్టుకి 3 చుట్లు, అంటే 230 ఓల్టుల ప్రైమరీకి 690. మేస్త్రీ ఓల్టుకి రెండే వేశాడు. తీగ మిగిలింది, కోర్ సాచురేట్ అయింది, అంటే అయస్కాంతశక్తిని ఇక పట్టలేకపోయింది. దీనికి అడ్డదారి లేదు, విప్పి మళ్లీ చుట్టించాలి. వేడి లేకుండా చప్పుడే ఉంటే మాత్రం స్టాంపింగులు (కోర్‌లోని ఇనప రేకులు) వదులు. బోల్టులు బిగించి వార్నిష్‌లో ముంచి ఆరబెట్టిస్తే చాలు.

సమస్య: పాట పెట్టకముందే ఐసీ పోయింది.

ఇది నా అత్యాశ. ఎల్ఎం3886 అనే ఆంప్లిఫయర్ ఐసీకి 30-0-30 చుట్టించాను. డీసీగా మారాక ఎంతొస్తుందో చూస్తే, 30ని 1.414తో హెచ్చిస్తే పక్కకి 42 కదా, పర్లేదనుకున్నాను. లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఏడెనిమిది శాతం ఎక్కువిస్తుంది. రాత్రి పదకొండు దాటితే మా వీధిలో మీటరు 230కి బదులు 250 చూపిస్తుంది. రెండూ కలిసి పక్కకి 49 దాకా పోయింది. ఆ ఐసీ హద్దు, సిగ్నల్ లేనప్పుడు కూడా, రెండు పక్కలా కలిపి 94 ఓల్టులే. 24-0-24 అయితే అదే రాత్రి పక్కకి 40 దగ్గర ఆగుతుంది.

సమస్య: సౌండు పెంచితే నీరసపడిపోతోంది.

తీగ సన్నం, లేదా అల్యూమినియం. కొసని బ్లేడుతో గీరండి. ఎర్రగా కనబడితే రాగి, తెల్లగా ఉంటే మోసపోయినట్టే. 4 ఆంపియర్లకి 17 గేజి అడగండి. మా మేస్త్రీకి తెలుగు బేరాల వరకే వచ్చు. అందుకే చీటీ మీద అంకెలు వేసి, నోటితో ‘తొంబా’ (ఒడియాలో రాగి) అని రెండుసార్లు చెబుతాను.

సమస్య: ఒక పక్క 33 ఓల్టులు, ఇంకో పక్క 36.

లెక్క తప్పి చుట్టాడు. రెండు తీగలూ జంటగా పట్టుకుని ఒకేసారి చుట్టమనండి, తేడా రాదు. ఒకదాని చివర, రెండోదాని మొదలు కలిపితే సెంటర్. తిరగేసి కలిపితే అటూ ఇటూ కొసల మధ్య సున్నా వస్తుంది.

సమస్య: స్పీకర్లో సన్నని హమ్.

వాల్యూమ్ సున్నాలో పెట్టినా ఉందా? కవరు మూయకముందు, స్విచ్చి తీసేసి ట్రాన్స్‌ఫార్మర్‌ని కొంచెం తిప్పండి, మళ్లీ వేసి వినండి. నా డబ్బాలో పావు చుట్టు తిప్పేసరికి చాలామటుకు తగ్గింది. ఆ కోణం దొరికాకే చాసిస్‌కి రంధ్రాలు వేయండి. నేను ముందే వేసేశాను, నాలుగు ఖాళీ రంధ్రాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.