దసరాకి పాత మిలటరీ కత్తి దించుతున్నారా? ముందు ఒర చూడండి

దసరా దగ్గరికొచ్చేసింది. అటకల మీది పాత సామానంతా కిందికి దిగే రోజులివి. పోయిన వారం మా వీధిలో ఒకాయన వాళ్ళ నాన్నగారి మిలటరీ కత్తిని ఆయుధ పూజకి శుభ్రం చేద్దామని దించాడు. పిడితో కలిపి అడుగు పొడుగుంటుంది, తోలు ఒర. లాగితే రాలేదు. ఎడమ చేత్తో ఒరను గట్టిగా బిగించి, కుడి చేత్తో ఒక్క గుంజు గుంజాడు. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలిదాకా తెగాయి. ఆపరేషన్ అయింది. వేళ్ళు సరిగ్గా ముడవడానికి నెలలు పడుతుందన్నారు. ఆ మనిషికి కత్తులు కొత్త కాదు, కంగారు మనిషి కూడా కాదు.

పిల్లలకి అందకుండా పెట్టండి, ఆడుకోవడానికి ఇవ్వకండి లాంటివి ఇక్కడ రాయను. అవి అందరికీ తెలుసు. తెలియనిది ఒకటే: ఒరను ఎలా పట్టుకోవాలన్నది. ఇలాంటి కత్తులతో చెయ్యి తెగినవాళ్ళలో నేను చూసిన చాలామంది కత్తి పట్టుకున్న చేతిని కాదు, ఒర పట్టుకున్న చేతినే కోసుకున్నారు.

ఎందుకు తెగుతుందో చెప్తాను. తోలును మడిచి, కత్తి పదును ఉండే వైపు దారంతో కుట్టి, అక్కడక్కడా రివెట్లు కొడితే ఒర అవుతుంది. మంచి ఒరల్లో ఆ కుట్టుకి లోపల ఇంకో తోలు పట్టీ ఉంటుంది. పదును దానికే తగలాలి, దారానికి తగలకూడదు. ఏళ్ళు గడిచేసరికి ఆ పట్టీ కోసుకుపోతుంది, దారం చీకిపోతుంది, రివెట్ల చుట్టూ పచ్చగా చిలుము పడుతుంది. పైకి మాత్రం ఒర నల్లగా, గట్టిగా, దిట్టంగానే కనిపిస్తుంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి లోపల అలుగు, అంటే కత్తి రేకు, తుప్పు పట్టి అతుక్కుంటుంది. ఇప్పుడు మీరు ఒరను పిడికిట్లో బిగించి లాగారనుకోండి. మీ నాలుగు వేళ్ళూ సరిగ్గా ఆ కుట్టు మీదే ఉంటాయి. కత్తి ముందుకి రావడానికి బదులు పక్కకి, కుట్టు చీల్చుకుని వస్తుంది. వేళ్ళను ముడిచే స్నాయువులు అక్కడ చర్మం కిందే ఉంటాయి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరద నీళ్ళు వచ్చిన ఇళ్ళవాళ్ళు, సింగ్ నగర్ వైపు వాళ్ళు మరీ ముఖ్యంగా, ఇంకోసారి చదవండి. ఆ నీళ్ళలో నాని ఎండిన ఒర చెక్కలా బిగుసుకుంటుంది, ముట్టుకుంటే భలే గట్టిగా ఉందనిపిస్తుంది. దాని కుట్టుని నమ్మకండి.

సొంత కత్తి ఉన్నవాళ్ళకే ఈ ప్రమాదం ఎక్కువ. ఇరవై ఏళ్ళ వయసులో రోజూ నడుముకి కట్టుకుని తిరిగిన కత్తి, కళ్ళు మూసుకుని లాగినా వచ్చేది. నలభై ఏళ్ళ తర్వాత కూడా చెయ్యి అదే గుర్తుపెట్టుకుని అలాగే లాగుతుంది. ఉక్కు ఇంచుమించు అప్పటిలాగే ఉంటుంది, ఒర ఉండదు.

ఎలా తియ్యాలి

ఒరను పదును వైపు పట్టుకోకండి. పట్టుకోవాల్సింది బెల్టు దూర్చే పట్టీ దగ్గర, లేదా మొద్దు వైపు నుంచి: బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్ళు ఇంకో పక్క చదునుగా ఆనించి. వేళ్ళ కొసలు కుట్టు దాకా రాకూడదు. లాగేటప్పుడు అలుగును మొద్దు వైపుకి ఒత్తి ఉంచి, మెల్లగా తియ్యండి.

రాకపోతే లాగకండి. మొన కిందికి పెట్టి, ఒర నోట్లో కుట్టుమిషన్ నూనె కొన్ని చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న కూడా కదలకపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టు విప్పించండి. పదును ఏ వైపుందో ఆయనకి నోటితో చెప్పి మరీ ఇవ్వండి. ఆయనే కొత్త ఒర కూడా కుట్టిస్తాడు, లోపలి పట్టీ అడిగి వేయించుకోండి. నాన్నగారి ఒర పారేయమని ఎవరూ అనడం లేదు. జ్ఞాపకమే కదా, బీరువాలో దాచుకోండి. కత్తిని మాత్రం మళ్ళీ అందులో పెట్టొద్దు.

పిడి ఏ రకం

1942లో అమెరికా మెరైన్లకి వచ్చిన 7 అంగుళాల అలుగు కత్తికి, తర్వాత పైలట్లకి ఇచ్చిన చిన్న కత్తికి తోలు బిళ్ళలు పేర్చిన పిడి ఉంటుంది. తోలు ఎండి కుంచించుకుపోతే బిళ్ళల మధ్య సందులొచ్చి పిడి వదులవుతుంది. కదిపి చూడండి.

80ల్లో హాలీవుడ్ సినిమాల పుణ్యమా అని ఇంకో రకం వచ్చింది. వీపున రంపం పళ్ళు, పిడి చివర దిక్సూచి ఉన్న మూత, మూత తిప్పితే లోపల అగ్గిపుల్లలు, గాలం దారం, సూదులు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో మేనమామ తెచ్చినది అయ్యుంటుంది. చూడ్డానికి అన్నిటికన్నా భీకరంగా ఉంటుంది, నిజానికి చాలావాటిలో బలహీనమైనది ఇదే. పిడి లోపల డొల్ల కాబట్టి అలుగు పిడిలోకి పూర్తిగా దిగదు, మొదట్లోనే ఆగి అతుకు మీద నిలబడుతుంది. ఆ అతుకులో తుప్పు పడితే బయటికి కనపడదు. ఒకే ఉక్కు దిమ్మని తొలిచి చేసిన ఖరీదైనవి కొన్ని ఉన్నాయి, అవి వేరు. మిగతావాటితో గుమ్మడికాయ కొడితే అలుగు ఊడి ఎటు ఎగురుతుందో చెప్పలేం, అసలే పూజ రోజు చుట్టూ జనం.

ఇక మిగిలినవి, వరసగా:

గుమ్మడికాయకి వంటింటి కత్తి వాడండి. కొబ్బరికాయకి రాయి ఉంది.

నూనె రాసిన పిడి పట్టుకుని ఏ పనీ చెయ్యకండి.

మొనకి నిమ్మకాయ గుచ్చి తెల్లారేదాకా వదిలేయకండి. ఆ పులుపుకి కార్బన్ ఉక్కు మీద నల్ల మచ్చ పడుతుంది, అంత తేలిగ్గా పోదు. తడి పసుపు బొట్లు కూడా అదే రాత్రి తుడిచేయండి.

తుడిచేటప్పుడు గుడ్డని అలుగు చుట్టూ చుట్టి లాగకండి. బల్ల మీద పడుకోబెట్టి, మొద్దు వైపు నుంచి పదును వైపుకి, ఒక్కో పక్క.

రంపం పళ్ళ మీద బొటనవేలు ఆనించకండి.

కరెంటు సాన చక్రం మీద పెట్టించకండి. అంచు నీలం రంగు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే.

కత్తి జారితే పట్టుకోవద్దు. కాళ్ళు వెనక్కి తీసుకుని పడనివ్వండి.

కత్తి వేరుగా, ఒర వేరుగా దాచండి. కత్తికి పల్చగా నూనె రాసి, గుడ్డ చుట్టి, డబ్బాలో పెట్టి, తాళం.

అలుగు కొలవండి, పిడి కలపకుండా. ఇంటి పనికో పొలం పనికో చేసినది కాకుండా 9 అంగుళాలకన్నా పొడుగున్నా, 2 అంగుళాలకన్నా వెడల్పున్నా 1959 ఆయుధాల చట్టం కింది నియమాల్లో అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. మీది అంత ఉంటే లాయర్‌ని అడగండి.

పొట్టిదైనా సరే బండి డిక్కీలో వేసుకుని తిరగొద్దు. కొండ మీదికి పూజకని అసలే వద్దు. నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ తనిఖీలుంటాయి, "మా నాన్న జ్ఞాపకం సార్" అంటే అక్కడ ఎవరూ వినరు.

విమానంలో చేతి సంచిలో పెట్టొద్దు.

ఫొటో కోసం కత్తిని ఒరలోంచి సగం లాగి పోజు ఇవ్వొద్దు. అప్పుడు కూడా ఎడమ చెయ్యి కుట్టు మీదే ఉంటుంది.

ఒరను పదును వైపు పట్టుకోకండి. ఇంట్లో ఇంకెవరు దించుతారో వాళ్ళకీ చెప్పండి.

తెగితే కాఫీ పొడి వద్దు, పసుపు వద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. వేలు పూర్తిగా ఊడితే దాన్ని తడి గుడ్డలో చుట్టి, కవర్లో వేసి, ఆ కవర్‌ని ఐసు మీద పెట్టండి, వేలికి ఐసు తగలకూడదు. 108కి ఫోన్ చెయ్యండి. తుప్పు ఉన్నా లేకపోయినా ధనుర్వాతం ఇంజెక్షన్ (టీటీ) సంగతి అడగండి. రక్తం ఆగినా సరే, ఒక్కో వేలూ ముడిచి చూసుకోండి. ఏ వేలు ముడవకపోయినా, ఏ వేలికి స్పర్శ తెలియకపోయినా కుట్లు వేయించుకుని ఇంటికి రాకండి. చేతి ఆపరేషన్లు చేసే సర్జన్ ఉన్న ఆస్పత్రికి ఆ రోజే వెళ్ళండి.