పులస కోసం గొడవపడ్డ ఇద్దరు సూపర్ హీరోలు: క్రాసోవర్ కథ ఎలా అల్లాలి?

వేసవి సెలవుల్లో మా పెదనాన్నగారి డాబా మీద పిల్లలందరం రాత్రి పొద్దుపోయేదాకా ఒకటే వాదన. సూపర్‌మ్యాన్ గొప్పా, హనుమంతుడు గొప్పా? ఏ ఏడాదీ తేలలేదు. తేలదు కూడా. ఎవరి బలం ఎక్కువ అన్న దగ్గర మొదలైతే కేకలు తప్ప కథ పుట్టదు. వేర్వేరు కామిక్స్ హీరోలను ఒక కథలోకి తేవాలంటే ఎవరికి ఏం చేతకాదో ముందు చూడాలి.

అంతకన్నా ముందు ఒక పని వెతకండి. హీరోలను తర్వాత పిలుద్దాం. మనది గోదావరి డెల్టా కాబట్టి పనికి కరువు లేదు. ఆగస్టు నెల. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. అర్ధరాత్రి ఒక లంక ఊరి (ఏటి మధ్య దిబ్బ మీది ఊరు) ఎదుట ఏటిగట్టు జారుతోంది. తెల్లారేలోపు గండి పడేలా ఉంది. ఇదీ పని.

ఇక్కడికి సూపర్‌మ్యాన్‌ను పిలిచారనుకోండి, పాపికొండల నుంచి ఓ బండ పట్టుకొచ్చి అడ్డం పెట్టేస్తాడు. రెండో పేజీలోనే కథ కంచికి. అందుకే ఆయన్ని పక్కన పెట్టండి.

రెండో అడుగు, నోట్‌బుక్‌లో హీరోల బలహీనతలు రాసుకోవడం. గ్రీన్ లాంటర్న్ అనే హీరో బలమంతా ఉంగరంలోనే, పాత కథల్లో అది పసుపు రంగు మీద పనిచేయదు. పాపం, కడియం నర్సరీల్లో బంతి మొక్కల మధ్య నిలబెడితే ఆయన పని అయిపోయినట్టే. ఇలా రాస్తూ పోతే ఎక్కడో రెండు బలహీనతలు ఒకదానికొకటి తగులుతాయి. నాకు తగిలిన జత ఇది. 1962లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ వదిలే సాలెగూడు దారం సుమారు గంటలో కరిగిపోతుంది. 1941 నాటి ఆక్వామ్యాన్, పాత కామిక్స్ ప్రకారం, నీటి బయట గంటకు మించి బతకలేడు. ఒకరు మార్వెల్ కామిక్స్ కంపెనీ హీరో, ఇంకొకరు దాని పోటీ కంపెనీ డీసీ హీరో. ఇద్దరికీ గడువు మాత్రం ఒక్క గంటే! కథకు గడియారం దొరికేసింది. పైగా స్పైడర్‌మ్యాన్‌కు వేలాడటానికి ఎత్తైన మేడలు కావాలి. లంకలో ఉన్నవి కొబ్బరి చెట్లు, ఒక సెల్ టవర్.

ఇప్పుడు తగువు పెట్టాలి. హీరోలు కలిసీ కలవగానే చేతులు కలిపేస్తే చప్పగా ఉంటుంది. అలాగని ఊరికే అపార్థం సృష్టించి కొట్టించడం నాకు నచ్చదు. ఒక్క మాటతో తీరిపోయే అపార్థానికి పది పేజీల ఫైటింగ్ ఎందుకు? ఈ విద్య మన రాజమండ్రి చిలకమర్తి వారి ‘గయోపాఖ్యానం’ నాటకంలో నేర్చుకోవచ్చు. గయుడనే గంధర్వుడు ఉమ్మింది కృష్ణుడి దోసిట్లో పడింది, చంపుతానని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. సంగతి తెలియక అర్జునుడు గయుడికి అభయమిచ్చాడు. మాట తప్పే వీలు ఇద్దరికీ లేదు. బావా బావమరుదులు యుద్ధానికి దిగాల్సి వచ్చింది. చూసేవాడు ఎవరి పక్షాన ఉండాలో తెలియక గింజుకోవాలి. తగువంటే అదీ.

మన కథలో తగువు పులస గురించి పెట్టండి. వరద నీరు రాగానే గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదారికి ఎదురీదుతూ వచ్చే చేప అది. చేపలతో మాట్లాడగల ఆక్వామ్యాన్‌కు అది గర్భిణి ప్రయాణంలా కనిపిస్తుంది, వలలు కోసేస్తాడు. అద్దె కట్టలేక ఫొటోలు అమ్ముకుని బతికిన స్పైడర్‌మ్యాన్‌కు ఆ వలల వెనక ఏడాదికోసారి నాలుగు డబ్బులు చూసే కుటుంబం కనిపిస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్లో ఈ తీర్పు చెప్పేదెవరు? మీరు చెప్పకండి. తేల్చకుండా వదిలేయండి.

విలన్‌కు పెద్దగా ఆలోచించక్కర్లేదు. 1963లోనే స్పైడర్‌మ్యాన్‌తో తలపడిన శాండ్‌మ్యాన్ ఉన్నాడు, ఒళ్లంతా ఇసుకే. గోదారి ఇసుక ర్యాంపులో వాడు దాక్కుంటే పట్టుకునేవాడెవడు? గట్టు అడుగున చేరి లోపల్నుంచి తొలుస్తున్నది వాడే. సాలెగూడు ఇసుకను పట్టి ఆపలేదు, నీటికి మాత్రం వాడు తడిసి ముద్దవుతాడు. అంటే స్పైడర్‌మ్యాన్‌కు ఆక్వామ్యాన్ అవసరం పడింది. తొలి కథలో వాణ్ణి వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చి పట్టుకున్నారు. వరద రాత్రి లంకలో కరెంటే ఉండదు, ఆ ఉపాయం సాగదు.

తర్వాత వాటాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, తమ అభిమాన హీరోకే మంచి డైలాగులన్నీ ఇచ్చేసుకుంటారు. 1976లో డీసీ, మార్వెల్ కలిసి సూపర్‌మ్యాన్‌నూ స్పైడర్‌మ్యాన్‌నూ ఒకే కథలోకి తెచ్చినప్పుడు ఇదే చిక్కు వచ్చింది. సూపర్‌మ్యాన్ ఒక్క దెబ్బకు స్పైడర్‌మ్యాన్ ఆగడు. అందుకని సూపర్‌మ్యాన్ శత్రువు లూథర్ చేత, సూపర్‌మ్యాన్ బలాన్ని తగ్గించే ఎర్ర సూర్యుడి కిరణాలు స్పైడర్‌మ్యాన్ మీద వేయించి, కాసేపు సమానంగా కొట్టుకోనిచ్చారు. మనవాళ్లకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద, అంటే జనం భుజాన మోసే అలంకరించిన ఎత్తైన కట్టడాల మీద, వస్తారు. వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒకసారి పైకి లేపి గౌరవిస్తారు. అంతమాత్రాన మిగిలిన పది ఊళ్ల దేవుళ్లు చిన్నబోయారని ఎవరూ అనుకోరు. మీ కథలోనూ ఒకరి ప్రవేశం రెండోవాడి కళ్లతో చూపించండి, సరిపోతుంది.

ఊరివాళ్లను మర్చిపోవద్దు. కొబ్బరి దింపు కార్మికుడు ఒకడు స్పైడర్‌మ్యాన్‌ను చూసి, "ఆ చెట్టు ఎక్కకండి బాబూ, మొవ్వు కుళ్లిపోయింది" అనాలి. గట్టును పట్టి ఉంచిన సాలెదారం నిలిచే ఆ గంటలోనే జనం ఇసుక బస్తాలు పేర్చేయాలి. గంట గడిచింది, దారం కరిగింది, ఆక్వామ్యాన్ ఊపిరాడక ఏట్లోకి దూకేశాడు. గట్టు మాత్రం బస్తాల మీద నిలబడి ఉంది.

ఇక చివరి బొమ్మ. మర్నాడు పొద్దున్న ఒక ఇంటి అరుగు మీద స్పైడర్‌మ్యాన్‌కు విస్తరి వేశారు. పులస పులుసు మర్నాటికే రుచి కదా, నిన్నటిది దాచి పెట్టారు. ముసుగు ముక్కు దాకా ఎత్తి, ముద్ద కలిపి, నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. ఎదురుగా ఏట్లో, మెడ దాకా నీళ్లలో నిలబడి, ఆక్వామ్యాన్ అతన్నే చూస్తున్నాడు. నేనైతే అక్కడే పెన్సిల్ పక్కన పెట్టేస్తాను.