సూపర్‌కార్లు మన దారిన వచ్చే కాలం: నడిపేవారికీ, చూసేవారికీ జాగ్రత్తలు

డిసెంబరు చలి ముదిరిందంటే ఆదివారం ఉదయాల్లో బెంగళూరు నుంచి సూపర్‌కార్లు (చాలా వేగంగా పోయే ఖరీదైన స్పోర్ట్స్ కార్లు) 44వ జాతీయ రహదారి మీద మన వైపు వస్తాయి. కొన్ని లేపాక్షి నందిని చూసి వెనుదిరుగుతాయి. కొన్ని పెనుకొండ, అనంతపురం, గుత్తి, కర్నూలు మీదుగా హైదరాబాదు చేరతాయి. గండికోట చూడాలనుకున్నవి తాడిపత్రి దారి పడతాయి. అనంతపురంలో తపోవనం దగ్గర నిలబడి, రాప్తాడు వైపు నుంచి వచ్చే పది సిలిండర్ల లాంబోర్గిని గొంతు వినడం ఎన్నో ఏళ్ళుగా నాకు పండుగ. ఆ పండుగ పూట ఎవరికీ దెబ్బ తగలకూడదనే ఈ నాలుగు మాటలు.

ముందుగా రోడ్డు మీది పంట గురించి చెప్పాలి, ఎందుకంటే నగరాల నుంచి వచ్చేవారు దీన్ని ఊహించరు. డిసెంబరు, జనవరి నెలల్లో పెద్ద రోడ్డు దిగి పల్లెదారి పట్టారంటే ఉలవ కట్టె, కంది కట్టె (కోసి ఎండిన మొక్కలు) తారు మీద పరిచి కనిపిస్తాయి. బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలాలని రైతులు అలా పరుస్తారు. కళ్ళం, కూలీలు దొరకని ఇంట పంట చేతికొచ్చే మార్గం అదే కాబట్టి వారిని కసురుకోవద్దు. ఆర్టీసీ బస్సు కింద ఆ కట్టె నలిగి ఊరుకుంటుంది. సూపర్‌కారు అలా కాదు. దాని అడుగుభాగం నేలకు సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఎండిన కట్టె అడుగు పలకల సందుల్లో ఇరుక్కుంటుంది, ఇరుసుకు చుట్టుకుంటుంది, వందల డిగ్రీల వేడిలో ఉన్న పొగగొట్టాన్ని తాకుతుంది. పైగా ఇంజను ఉండేది మీ వీపు వెనుక. పొగ మీకు కనిపించేసరికి మంట లేచి ఉంటుంది. ఇలాంటి కార్లలో వేడి ఎంత చిన్న కారణంతో నిప్పవుతుందో 2010లో ప్రపంచమంతా చూసింది. కొన్ని ఫెరారీ 458 కార్లు కాలిపోయాక, చక్రం పైభాగంలో వేడిని అడ్డుకునే రేకును అతికించిన జిగురే కారణమని తేలింది. ఆ సంస్థ 1,248 కార్లను వెనక్కి పిలిపించి సరిచేసింది.

అందుకే కట్టె కనిపించగానే ఆగండి. కారు దిగి, "అన్నా, ఒక పక్కకు కొంచెం జరుపుతారా" అని అడగండి. మా వైపు కాదనేవారు తక్కువ. తెలియక దాటేశారా, కట్టె మీద మాత్రం కారు నిలపవద్దు. శుభ్రమైన నేల మీదికి వెళ్ళి, ఇంజను ఆపి, ఫోను లైటు వేసి కిందికి వంగి చూడండి. పొగ వస్తుంటే ఇంజను మూత తెరవకండి, గాలి తగిలి మంట ఎగుస్తుంది. అందరూ దిగి దూరం జరగడమే మొదటి పని. పొడి రకం మంటలార్పే సిలిండరును ముందు డిక్కీలో కాకుండా సీటు దగ్గర చేతికి అందేలా పెట్టుకోండి.

స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు కొత్త కాదు. ప్రమాణం ప్రకారం వాటి ఎత్తు 10 సెంటీమీటర్లే, కానీ ఊళ్ళో వేసుకున్నవి కొలత చూసి వేసినవి కావు. కారు ముందుభాగాన్ని కాస్త పైకెత్తే మీట చాలా సూపర్‌కార్లలో ఉంటుంది, దానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి ముందే నొక్కాలి. కారు ఆగిపోతే మాత్రం మామూలు క్రేన్‌తో ముందుభాగం ఎత్తి లాగించకండి. కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకునే బల్లపరుపు లారీ కోసం ఎంతసేపైనా ఆగడం మేలు.  ఈ ఇంజన్లకు కనీసం 95 ఆక్టేన్ (పెట్రోలు ఇంజనులో ముందే మండకుండా నిలిచే గుణాన్ని చెప్పే అంకె) ఉన్న పెట్రోలు కావాలి కనుక బయలుదేరే నగరంలోనే ట్యాంకు నింపుకోండి.

ఇక తమ్ముళ్ళకు. రెండేళ్ళ క్రితం నా కళ్ళ ముందే ఒక అబ్బాయి ఒక చేత్తో బైకు, మరో చేత్తో ఫోను పట్టుకుని పసుపు కారును వెంబడించాడు. కారు వేగం తగ్గింది, అతను తగ్గలేదు. డివైడరుకు కొట్టుకుని మణికట్టు విరిగింది. ప్రాణం మిగిలింది, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంజను వెనుక ఉన్న కారులో డ్రైవరుకు వెనుక అద్దం చిన్న చీలికలా ఉంటుంది. పక్కన అంటిపెట్టుకుని వచ్చే బైకు అతనికి దాదాపు కనిపించదు. మీరు అతన్ని చూస్తున్నారు కాబట్టి అతను మిమ్మల్ని చూస్తున్నాడనుకోవద్దు.

డ్రైవర్లకూ ఇదే మాట వర్తిస్తుంది. మీ కారు ఎత్తు 1.2 మీటర్లకు కాస్త అటూ ఇటూ. లారీకి ఎడమ పక్కన నడిస్తే దాని డ్రైవరుకు మీరు లేనట్టే. అతని అద్దంలో అతని ముఖం మీకు కనిపించే చోట ఉండండి, లేదా పూర్తిగా దాటిపోండి. నాలుగు వరుసల రహదారి మీద గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు. గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే 100 కూడా ఎక్కువే. మందలో మొదటి గొర్రె దాటిందంటే మిగిలినవి ఆగవు, కాపరి చేయి ఊపేదాకా నిలబడండి. కుర్రవాళ్ళు పక్కకు వచ్చి పందెం అన్నట్టు చూస్తే వేగం తగ్గించి వారిని పోనివ్వండి. రోడ్డు మీద పందేలకు మోటారు వాహన చట్టం 189వ సెక్షను కింద జైలు శిక్ష ఉంది. కొడుకు మైనరని తెలిసీ తాళం ఇచ్చిన తండ్రికి 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు.

ఫోటో కావాలంటే కార్లు ఆగే చోటికి వెళ్ళండి. హైవే దాబాల ముందు, పెట్రోలు బంకుల దగ్గర తీరిగ్గా తీసుకోవచ్చు. టోలు గేట్ల దగ్గర మాత్రం వద్దు. అక్కడ వెనుక వచ్చే లారీ మిమ్మల్ని చూసుకోదు. యజమానిని అడిగి తీసుకోండి, చాలామంది సంతోషంగా తలుపు తెరిచి చూపిస్తారు. పిల్లలను వెంట తీసుకెళ్తే కారు వెనుక నిలబెట్టి ఫోటో తీయకండి. ఇంజను ఆపిన చాలాసేపటి వరకు పొగగొట్టం చివర ముట్టుకుంటే చర్మం కాలుతుంది, అది సరిగ్గా నాలుగేళ్ళ పిల్లవాడి చేయి అందే ఎత్తులో ఉంటుంది.